చంద్రుడికి మనిషిని పంపే దారి ఏది? రేడియేషన్ చెప్పే లెక్క

2008 అక్టోబరు 22 ఉదయం 6.22 గంటలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయల్దేరింది. అందులో 11 పరికరాలున్నాయి. చంద్రుడి మీద నీటి జాడ పట్టిన అమెరికా పరికరం తర్వాత పతాక శీర్షికలకెక్కింది. మూడు రంగుల జెండా బొమ్మతో చంద్రుడి నేలను ఢీకొన్న మన ప్రోబ్ టీవీల్లో మార్మోగింది. అరచేతిలో పట్టేంత ఉన్న ఇంకో పెట్టె మాత్రం పెద్దగా ఎవరి కంటా పడలేదు. బల్గేరియా శాస్త్రవేత్తలు తయారుచేసిన ఆ పెట్టె పేరు రాడోమ్. దారి పొడవునా తన మీద ఎంత రేడియేషన్ పడుతోందో కొలవడమే దాని పని. ప్రయోగం తర్వాత అన్నిటికంటే ముందు ఆన్ చేసింది దాన్నే. 2009 ఆగస్టు చివర్లో చంద్రయాన్-1తో సంబంధాలు తెగిపోయేదాకా అది లెక్కలు పంపుతూనే ఉంది.

అప్పట్లో ఆ లెక్కలు శాస్త్రవేత్తల అవసరం. ఇప్పుడు అవి మనందరికీ సంబంధించినవయ్యాయి. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడి అడుగు అని ప్రభుత్వం 2023 అక్టోబరులో లక్ష్యాలు పెట్టుకుంది. ఆ పెట్టె ఉన్న చోట మనిషి కూర్చుంటే ఏమవుతుంది? ఆ మనిషిని కాపాడటం ఎలా? దీనికి చాలామందికి తట్టే జవాబు మందమైన గోడ, లేదంటే ప్రత్యేకమైన సూట్. రెండూ కొంతవరకే నిజం.

గ్రే, సీవర్ట్: ఈ కొలతలేమిటి?

రేడియేషన్ మోతాదును రెండు రకాలుగా కొలుస్తారు. కిలో ఒంటికి ఒక జౌల్ శక్తి చేరితే అది ఒక గ్రే. వినడానికి ఇది చాలా చిన్న సంగతి. ఒకేసారి ఒళ్లంతా నాలుగైదు గ్రేలు పడితే, వైద్యం అందనివాళ్లలో సగం మంది బతకరు. అంత మోతాదుకు కూడా ఒంటి వేడి ఒక డిగ్రీలో వెయ్యో వంతు పెరుగుతుందంతే. నష్టం వేడి వల్ల జరగదు. కణంలోని డీఎన్‌ఏ పోగులు తెగడం వల్ల జరుగుతుంది.

అయితే ఒక గ్రే ఎక్స్‌రే చేసే హాని, ఒక గ్రే బరువైన కణాలు చేసే హాని ఒకటి కావు. ఆ తేడాను కలిపి చెప్పే కొలత సీవర్ట్. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. నేల నుంచి, గాలి నుంచి, తిండి నుంచి, ఆకాశం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ ఎక్స్‌రే తీస్తే 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువ. సూరత్ దగ్గరి కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రంలోనైనా, కైగాలోనైనా ఉద్యోగికి ఒక ఏడాదిలో 30, వరుసగా అయిదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదని మన దేశంలో నిబంధన. ఈ అంకెల్ని గుర్తుపెట్టుకుంటే ముందున్నదంతా సులువుగా అర్థమవుతుంది.

హైదరాబాద్ నెత్తిన ఉన్న గొడుగు

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో గుండ్రటి గదిలాంటి వస్తువొకటి దిగితే జనం గుమిగూడారు. గ్రహాంతరవాసులని కొందరు, ఇంకేదో అని కొందరు. తీరా చూస్తే అది హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన పరీక్షా గది. స్పెయిన్ కంపెనీ ఒకటి దాన్ని పంపించుకుంది. ఈసీఐఎల్ పక్కనున్న ఆ కేంద్రానికి అర్ధ శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. అంతకు ముందే ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణం నుంచి విశ్వకిరణాల కోసం పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ఎగరేశారు.

హైదరాబాదే ఎందుకు? భూమి అయస్కాంత భూమధ్యరేఖకు ఇది దగ్గర. విశ్వకిరణాలంటే నక్షత్రాల మధ్య నుంచి దాదాపు కాంతి వేగంతో దూసుకొచ్చే పరమాణు కేంద్రకాలు. వాటికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి భూమి అయస్కాంత క్షేత్రం వాటిని పక్కకు తిప్పేస్తుంది. ధ్రువాల దగ్గర తలుపు తెరిచే ఉంటుంది. మన దగ్గర అది దాదాపు మూసే ఉంటుంది. హైదరాబాద్ నడినెత్తి నుంచి లోపలికి రావాలంటే ప్రోటాన్‌కు 16 వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల పైబడి శక్తి ఉండాలి. తక్కువ శక్తి ఉన్నవన్నీ వెనుదిరుగుతాయి. అలా వడగట్టిన ఆకాశం పరిశోధకులకు వరం.

ఈ అయస్కాంత గొడుగు కింద రెండో కప్పు కూడా ఉంది. అదే గాలి. బరువు లెక్కన మన నెత్తిన ఉన్న గాలి పది మీటర్ల లోతు నీటితో సమానం. కనపడదు కాబట్టి దాని మందం మనకు తెలియదు. వ్యోమగామి ఇల్లు వదిలినప్పుడు మొదట పోయేది ఈ పది మీటర్ల కప్పు. చంద్రుడి వైపు వెళితే గొడుగూ పోతుంది.

400 కిలోమీటర్ల ఎత్తులో

గగన్‌యాన్ వ్యోమగాములు ముగ్గురు వెళ్లేది 400 కిలోమీటర్ల ఎత్తుకు, మూడు రోజులకు. ఆ ఎత్తులో గాలి కప్పు ఉండదు గానీ అయస్కాంత గొడుగు ఉంటుంది. అదే ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రోజుకు సుమారు అర మిల్లీసీవర్ట్ నుంచి 0.7 దాకా పడుతుంది. ఆ లెక్కన మూడు రోజులకు రెండు మిల్లీసీవర్ట్‌ల చుట్టుపక్కల. నేల మీద మనకు ఏడాదిలో వచ్చేదానికన్నా తక్కువే. కాబట్టి గగన్‌యాన్ విషయంలో రేడియేషన్ పెద్ద భయం కాదు. ప్యారాచూట్లూ ఇంజిన్లూ అంతకంటే చాలా ముఖ్యం. అయినా కొలవడం, కాపాడటం ఇప్పుడే నేర్చుకోవాలి కాబట్టి 2019 సెప్టెంబరులో ఇస్రో, డీఆర్‌డీవో కుదుర్చుకున్న ఒప్పందాల్లో తిండి, ప్యారాచూట్లతో పాటు రేడియేషన్ కొలత, రక్షణ కూడా చేర్చారు.

ఎక్కువ రోజులుంటే లెక్క మారుతుంది. మహబూబ్‌నగర్ మూలాలున్న రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా 177 రోజులు కక్ష్యలో ఉన్నారు. ఆయన తండ్రి ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లినవారు. రాజాచారి వ్యక్తిగత మోతాదు ఆయన వైద్య రికార్డుకు సంబంధించినది. పైన చెప్పిన సగటుతో గుణిస్తే మాత్రం అలాంటి యాత్రకు 90 నుంచి 120 మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. అంటే అణువిద్యుత్ కేంద్రం ఉద్యోగికి అయిదేళ్లకు ఇచ్చే పరిమితి ఆరు నెలల్లో అయిపోతుంది. (2021లో శిరీష బండ్ల చేసిన కొన్ని నిమిషాల యాత్ర ఈ లెక్కల్లోకి రాదు.)

గొడుగుకు ఒక చిరుగు కూడా ఉంది. దక్షిణ అమెరికా, దక్షిణ అట్లాంటిక్ మీద భూమి అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉంటుంది. అక్కడ రేడియేషన్ కిందిదాకా దిగుతుంది. అటుగా వెళ్లేటప్పుడు హబుల్ టెలిస్కోప్ పరిశీలనలు ఆపేస్తారు. మనుషుల్ని అలా ఆపలేం.

పెంకుటింటి మీద రాయి

గొడుగు దాటితే ఎంత పెరుగుతుంది? చైనా చాంగె-4 ల్యాండర్ చంద్రుడి నేల మీద కొలిచింది రోజుకు సుమారు 1.37 మిల్లీసీవర్ట్‌లు. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి దారిలో కొలిచింది రోజుకు సుమారు 1.8. చంద్రుడి మీద కాస్త తక్కువ ఉండటానికి కారణం, కాళ్ల కింద చంద్రుడే సగం ఆకాశాన్ని కప్పేయడం. రాడోమ్ కూడా ఇదే చూసింది. చంద్రుడి చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తులో గంటకు తొమ్మిది, పది మైక్రోగ్రేలు నమోదు చేసిన పెట్టె, నౌకను 200 కిలోమీటర్లకు ఎత్తాక కొంచెం ఎక్కువ చూపించింది. చంద్రుడి చాటు కాస్త తగ్గడం ఒక కారణం. ఆ రోజుల్లో సూర్యుడు మందకొడిగా ఉండి విశ్వకిరణాలు పెరుగుతుండటం ఇంకొకటి.

గోడ మందం పెంచితే సరిపోదా? ఇక్కడే అసలు చిక్కు. పెంకుటింటి మీద గట్టిగా విసిరిన రాయి పడిందనుకోండి. రాయి ఒక్కటే లోపలికి రాదు, పగిలిన పెంకు ముక్కలూ దానితో పాటు మీద పడతాయి. విశ్వకిరణం అల్యూమినియం గోడను తాకినప్పుడు జరిగేది దాదాపు ఇదే. లోహంలోని కేంద్రకాలు బద్దలై న్యూట్రాన్లు, ఇతర ముక్కలు లోపలికి చిమ్ముతాయి. సీసం లాంటి బరువైన లోహం అయితే ఇంకా ఎక్కువ. ఎక్స్‌రే గదిలో మనల్ని కాపాడే సీసం తొడుగు ఇక్కడ పనికిరాదు.

ఇక్కడ పనికొచ్చేది తేలికైన హైడ్రోజన్. దాని కేంద్రకం ఒకే ఒక్క ప్రోటాన్, పగలడానికి అందులో ముక్కలు లేవు. న్యూట్రాన్లను నెమ్మదింపజేయడంలోనూ అదే మేటి. క్యారమ్స్ ఆడినవారికి ఈ సంగతి తెలుసు. స్ట్రైకర్ బోర్డు అంచును కొడితే అదే జోరుతో వెనక్కి వస్తుంది. అదే ఒక కాయ, తన బరువే ఉన్న ఇంకో కాయను సూటిగా కొడితే జోరంతా దానికి ఇచ్చి తను ఆగిపోతుంది. న్యూట్రాన్, ప్రోటాన్ బరువులు దాదాపు ఒకటే. అందుకే హైడ్రోజన్ ఎక్కువున్న నీరు, పాలిథిన్ మంచి కవచాలు. కిరాణా కొట్టు సంచీకి దగ్గరి బంధువైన పాలిథిన్ పలకల్నే అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు పడుకునే గదుల చుట్టూ అమర్చారు.

అయినా బరువు లెక్క మనల్ని వదలదు. మూడు మీటర్ల చదరపు గది చుట్టూ, పైనా కిందా మీటరు మందాన నీటి గోడ కడితే ఆ నీరే 54 టన్నులు దాటుతుంది. మన అతి పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 భూమి దగ్గరి కక్ష్యకు మోయగలిగేది ఎనిమిది నుంచి పది టన్నులు. పైగా భూమి మీద మనకున్నది పది మీటర్లు, ఇది ఒక్క మీటరే. నౌక చుట్టూ కృత్రిమ అయస్కాంత క్షేత్రం పెట్టాలన్న ఆలోచన దశాబ్దాలుగా కాగితాల మీదే ఉంది. కణాల్ని కాపాడే మందులూ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి.

విశ్వకిరణాల్లో నూటికి ఒకటే బరువైన కేంద్రకాలు. కానీ ఇనుము లాంటి కేంద్రకం ఒకటి కణం గుండా పోతే, అదే వేగంతో పోయే ప్రోటాన్ కన్నా దాదాపు 700 రెట్లు శక్తిని వదులుతుంది. అపోలో 11లో బజ్ ఆల్డ్రిన్ కళ్లు మూసుకున్నా మెరుపులు కనిపించాయని చెప్పారు. తర్వాతి యాత్రల్లో వెళ్లినవారూ అదే చెప్పారు. కంటి గుండా దూసుకుపోయిన విశ్వకిరణాలే ఆ మెరుపులు.

రెండు యాత్రల మధ్య వచ్చిన తుపాను

సూర్యుడి సంగతి వేరు. విశ్వకిరణాలు ఆగని సన్న జల్లయితే సౌర తుపాను వడగళ్ల వాన. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వెళ్లొచ్చింది, డిసెంబరులో అపోలో 17 వెళ్లింది. సరిగ్గా ఆ మధ్యలో, ఆగస్టు 4న, అంతరిక్ష యుగంలోనే పెద్దవాటిలో ఒకటైన సౌర తుపాను విరుచుకుపడింది. ఆ రోజు చంద్రుడి నేల మీద సూట్‌లో ఎవరైనా తిరుగుతుంటే తీవ్రమైన రేడియేషన్ జబ్బు పడేవారు. వియత్నాం తీరంలో అమెరికా వేసిన సముద్ర మందుపాతరలు డజన్ల కొద్దీ తమంతట తామే పేలింది కూడా ఆ తుపాను దెబ్బకేనని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అపోలో వ్యోమగాములు తప్పించుకున్నది ఇంజినీర్ల తెలివి వల్ల కాదు, తేదీలు కలిసిరావడం వల్ల.

మంచి సంగతేమిటంటే సూర్యుడి నుంచి వచ్చే ప్రోటాన్ల శక్తి విశ్వకిరణాలంత ఉండదు. వీటి ముందు గోడ పనిచేస్తుంది. కాకపోతే ఆ గోడ చాటుకు సకాలంలో చేరాలి. సూర్యుడి మీద పేలుడు వెలుగు మనకు ఎనిమిది నిమిషాల్లో తెలుస్తుంది. ప్రోటాన్లు అరగంట నుంచి కొన్ని గంటల్లో వస్తాయి. నాసా ఒరాయన్ నౌకలో దీనికి ప్రత్యేక గది లేదు. సామాను సంచులన్నీ తెచ్చి చుట్టూ పేర్చుకుని, నేల కిందున్న అరల్లో ముడుచుకుని కూర్చుంటారు. ఎలాగూ మోసుకెళ్లే తిండి, నీరు, బట్టలే కవచం. ఇంత సాదా ఉపాయం నాకు చాలా నచ్చింది.

మనవైపు నుంచి ఈ కాపలా పనికి ఉన్నది 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి అది సూర్యుణ్ని చూస్తోంది. సౌర కణాల్ని కొలిచే దాని యాస్పెక్స్ పరికరాన్ని అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయం తయారుచేసింది. 2024 మేలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడినంత పెద్ద తుపానును ఆదిత్య, చంద్రయాన్-2 రెండూ నమోదు చేశాయి. ఈ పరికరాలను సైన్సు ప్రయోగాలుగానే చూడటం మనకు అలవాటు. చంద్రుడి దారిలో మనిషి ఉన్న రోజు అవి తుపాను హెచ్చరిక కేంద్రాలవుతాయి.

ఎంత వరకు ఫరవాలేదు? ఎవరు చెప్పాలి?

నాసా 2022లో కొత్త నిబంధన పెట్టింది. వ్యోమగామి ఉద్యోగ జీవితం మొత్తానికి 600 మిల్లీసీవర్ట్‌లు, ఆడైనా మగైనా, వయసు ఎంతైనా. రేడియేషన్ రక్షణలో వాడే మామూలు అంచనా ప్రకారం దీనివల్ల ప్రాణాంతక క్యాన్సర్ ముప్పు సుమారు మూడు శాతం పెరుగుతుంది. అంతకు ముందు వయసును బట్టి, స్త్రీ పురుషుల్ని బట్టి పరిమితులు వేరుగా ఉండేవి. స్త్రీలకు క్యాన్సర్ ముప్పు ఎక్కువన్న లెక్కతో వారికి తక్కువ మోతాదు ఇచ్చారు. రక్షణ పేరుతో పెట్టిన ఆ గీత వల్ల వారికి అంతరిక్షంలో తక్కువ రోజులే దక్కేవి. యూరప్, రష్యాలు వెయ్యి మిల్లీసీవర్ట్‌ల దాకా ఒప్పుకుంటాయి. ఒకే శరీరం, ఒకే రేడియేషన్, గీతలు మాత్రం వేరు. అంటే ఇది సైన్సు ఒక్కటే తేల్చే విషయం కాదు. క్యూరియాసిటీ కొలతల ప్రకారం అంగారకుడికి వెళ్లి రావడానికి ప్రయాణంలోనే సుమారు 660 మిల్లీసీవర్ట్‌లు పడతాయి. గ్రహం మీద గడిపే రోజుల్ని లెక్కించకుండానే నాసా గీత చెరిగిపోతుంది. మన వ్యోమగాములకు గీత ఎక్కడ గీస్తారన్నది నెలల తరబడి ఉండే సొంత అంతరిక్ష కేంద్రం రాకముందే బహిరంగంగా చర్చించాల్సిన విషయమని నా అభిప్రాయం.

రాడోమ్ చూసిన దారి

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. భూమి చుట్టూ రెండు రేడియేషన్ వలయాలున్నాయి. 1958లో ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహాల మీద జేమ్స్ వాన్ అలెన్ పంపిన గైగర్ కౌంటర్లు కొన్ని చోట్ల ఒక్కసారిగా సున్నా చూపించాయి. అక్కడ రేడియేషన్ లేక కాదు, కౌంటర్ తట్టుకోలేనంత ఎక్కువై. లోపలి వలయంలో గోడల్ని చీల్చుకుపోయే ప్రోటాన్లు, బయటి వలయంలో ప్రధానంగా ఎలక్ట్రాన్లు.

చంద్రుడికి వెళ్లాలంటే వీటిని దాటక తప్పదు. అపోలో 11 భూమి చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగి, పెద్ద శాటర్న్ రాకెట్ తోపుతో నేరుగా చంద్రుడి దారి పట్టింది. వలయాల దట్టమైన భాగాన్ని కొంత తప్పించుకుంటూ కొన్ని గంటల్లో బయటపడింది. అపోలో యాత్రలన్నిటిలో ఎక్కువ మోతాదు పడిన అపోలో 14లో సైతం అది సుమారు 11 మిల్లీగ్రేలే.

చంద్రయాన్-1 వెళ్లిన తీరు వేరు. పీఎస్‌ఎల్‌వీకి అంత బలం లేదు. అది నౌకను 255 కిలోమీటర్ల నుంచి 22,860 కిలోమీటర్ల దాకా సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలింది. అక్కడి నుంచి నౌక తన చిన్న ఇంజిన్‌ను విడతలు విడతలుగా మండిస్తూ ఒక్కో మెట్టు ఎక్కింది. ఇంధనం మిగిల్చే గొప్ప ఉపాయమిది. కానీ ప్రతి చుట్టులోనూ వలయాల గుండా రెండుసార్లు పోవాలి. పైగా ఇలాంటి కక్ష్యలో నౌక అన్నిటికంటే నెమ్మదిగా కదిలేది దూరపు కొసలో. మొదటి చుట్లలో ఆ కొస సరిగ్గా బయటి వలయం నడిమధ్యన ఉంది. వర్షం జోరుగా పడే చోటే నింపాదిగా నడిచినట్టు. చంద్రుణ్ని చేరేలోపు రాడోమ్ మీద పడిన మొత్తం ఒక గ్రే దాటింది. అపోలో 14తో పోలిస్తే దాదాపు వంద రెట్లు.

పోలికలో ఒక జాగ్రత్త అవసరం. రాడోమ్ ముందున్న కవచం చాలా పలచన. మనుషుల గది గోడ ఎలక్ట్రాన్లను చాలా వరకు ఆపేస్తుంది, కాబట్టి లోపల ఉన్నవారికి అంత పడదు. లోపలి వలయపు ప్రోటాన్లు మాత్రం గోడను లెక్కచేయవు, అన్నిసార్లు దాటితే అన్నిసార్లూ తగులుతాయి. చంద్రయాన్-3 కూడా 2023 జులై 14న బయల్దేరి, ఆగస్టు 1 దాకా భూమి చుట్టూనే మెట్లెక్కింది. ఆ దారిలో విక్రమ్‌కు ఏమీ కాలేదు. మనుషుల్ని ఆ దారిన పంపకూడదు.

2022 నవంబరులో ఆర్టెమిస్-1లో మనుషులకు బదులు వెళ్లిన హెల్గా, జోహార్ అనే రెండు బొమ్మలు ఈ విషయంలో ఇంకో ముక్క నేర్పాయి. జోహార్‌కు ఇజ్రాయెల్ కంపెనీ చేసిన రక్షణ కోటు తొడిగారు. వార్తలన్నీ ఆ కోటు గురించే. 2024లో ఫలితాలు వచ్చాక ఎక్కువ ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. లోపలి వలయం దాటుతున్నప్పుడు నౌక 90 డిగ్రీలు తిరిగితే లోపల రేడియేషన్ సగానికి పడిపోయింది. నౌకలో మందమైన వైపు అటు తిరిగింది, అంతే. అదనంగా ఒక్క గ్రాము బరువు మోయలేదు.

అందుకే కవచాల గురించి వచ్చే వార్తల కంటే రాకెట్ల గురించి వచ్చే వార్తలే ఈ విషయంలో ఎక్కువ చెబుతాయి. దగ్గరి కక్ష్యకు 30 టన్నులు మోసే కొత్త తరం రాకెట్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో 8,240 కోట్ల రూపాయలు ఆమోదించింది. దాన్ని ఎగరేయడానికి శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 2025 జనవరిలో సుమారు 3,985 కోట్లు ఇచ్చింది, నాలుగేళ్లలో పూర్తిచేయాలని గడువు పెట్టింది. పత్రికలు ఈ రెంటినీ బరువులు మోసే సామర్థ్యం కిందే రాశాయి. చంద్రుడి దారిలో కూర్చోబోయే మనిషి వైపు నుంచి చూస్తే, ఆ బలం వలయాల్లో గడిపే రోజుల్ని గంటలకు తగ్గిస్తుంది.